మొహమాటం అనే గోడ: కంఫర్ట్ జోన్ దాటడం అంటే అసలేమిటి?

మా స్నేహితురాలి అమ్మగారు పోయారని నాకు ఒక మంగళవారం ఉదయం తెలిసింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు. ఏడుస్తుందేమో, అప్పుడు నేనేమనాలి? ఇంటినిండా జనం ఉంటారేమో, మధ్యలో నేను ఇబ్బంది పెట్టడమెందుకు? సాయంత్రం చేద్దాంలే అనుకున్నాను. సాయంత్రమూ అదే ఆలోచన. మూడో రోజుకి ఇంకో సమస్య వచ్చి పడింది: ఇన్ని రోజులు చేయకుండా ఇప్పుడు చేస్తే ఏమనుకుంటుంది? చివరికి పదకొండో రోజు చేశాను. ఆ పదకొండు రోజులూ నేను ఖాళీగా ఏమీ లేను. ఆఫీసులో కొత్త బాధ్యత ఒకటి నెత్తిన వేసుకున్నాను. పెద్ద హాల్లో, ముక్కూ మొహం తెలియని జనం ముందు నిలబడి గంటసేపు మాట్లాడాను. అవన్నీ చేయగలిగిన మనిషిని ఒక్క ఫోన్ చేయలేకపోయాను.

కంఫర్ట్ జోన్ దాటడం అనగానే మన కళ్ల ముందు కొన్ని బొమ్మలు వచ్చేస్తాయి. మంచి ఉద్యోగం మానేసినవాళ్లు, కొండలెక్కినవాళ్లు, ఒంటరిగా దేశాలు తిరిగినవాళ్లు. వాళ్ల ధైర్యం మీద నాకు గౌరవమే. కానీ ఆ పదకొండు రోజుల తర్వాత నాకు ఒక అనుమానం పట్టుకుంది. మనం దాటాల్సిన గోడ ఒకటైతే, దాటుతున్నది ఇంకొకటేమో. అందుకే ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది, దాని వెనక తెలిసిన సంగతులేమిటి, అర్థవంతంగా బతకడానికీ ఇవ్వడానికీ దానితో ఉన్న లంకె ఏమిటి అన్నది ఒక్కొక్కటిగా విప్పి చూద్దామనిపించింది.

ఈ మాట గదుల గురించి

మనసు గురించి వాడడానికి చాలా ముందే కంఫర్ట్ జోన్ అనే మాటను ఇంజనీర్లు గదుల గురించి వాడారు. 1923లో అమెరికాలో హౌటన్, యాగ్లూ అనే ఇద్దరు పరిశోధకులు ఎంత వేడి, ఎంత తేమ ఉంటే ఎక్కువమందికి హాయిగా ఉంటుందో కొలిచి, ఆ హద్దులకు ఈ పేరు పెట్టి చూపించారు. ఆ హద్దుల్లో ఉన్నంతసేపు శరీరం పెద్దగా కష్టపడక్కర్లేదు. చెమట పట్టక్కర్లేదు, వణకక్కర్లేదు. ఉన్న శక్తిని వేరే పనులకు వాడుకోవచ్చు.

మనసుకి కూడా దాదాపు ఇంతే. తెలిసిన పని, తెలిసిన మనుషులు, తెలిసిన దారి. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిన చోట మనసు కాపలా కాయక్కర్లేదు. అందుకే అక్కడ హాయిగా ఉంటుంది. ఆ పాత వాడుకలో నాకు నచ్చేది ఇంకొకటి ఉంది. గది హద్దులు అందరికీ ఒకటే కావు, ఎప్పటికీ ఒకటే కావు. ఎండాకాలంలో హాయి అనిపించే వేడీ, చలికాలంలో హాయి అనిపించే వేడీ ఒకటి కాదు. ఒకరు దుప్పటి కప్పుకున్న గదిలోనే ఇంకొకరు ఫ్యాన్ వేయమంటారు. కొన్నాళ్లు అలవాటు పడితే ఆ హద్దు దానంతట అదే జరుగుతుంది కూడా.

ఈ విషయం వివరించేటప్పుడు చాలామంది ఒక గీత గీసి చూపిస్తారు. తిరగేసిన గిన్నెలాంటి గీత. టెన్షన్ లేకపోతే పని సాగదు, మితిమీరినా సాగదు, మధ్యలో ఉంటే బాగా సాగుతుంది అని. దానికి మూలం 1908లో యెర్క్స్, డాడ్సన్ చేసిన ప్రయోగం. వాళ్లు పరీక్షించింది మనుషుల్ని కాదు, చిట్టెలుకల్ని. తెల్ల పెట్టెలోకి వెళ్లాలి, నల్ల పెట్టెలోకి వెళ్తే చిన్న కరెంటు షాక్. తేడా సులువుగా తెలిసేటట్టు ఉన్నప్పుడు షాక్ పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మాత్రం మధ్యస్థంగా ఉన్న షాకే మేలు చేసింది, ఎక్కువైతే నేర్చుకోవడం మందగించింది. దీన్నుంచి మనిషి జీవితానికంతటికీ ఒక సూత్రం లాగడం సరికాదని నా అభిప్రాయం. అయినా ఒక్క సంగతి మాత్రం పనికొస్తుంది. పని ఎంత కష్టమైతే, మనల్ని మనం అంత నెమ్మదిగా తోసుకోవాలి. భయంతో నిలువెల్లా వణుకుతూ ఎవరూ నాజూకు పని నేర్చుకోలేరు.

ఉన్నచోటే ఎందుకు ఉండిపోతాం అన్నదానికి జవాబు ఇంతకన్నా సూటిగానే దొరుకుతుంది. 1979లో కానెమన్, ట్వెర్స్కీ అనే మనస్తత్వవేత్తలు చెప్పినదాని ప్రకారం, ఒకటి పోగొట్టుకున్న బాధ అంతే విలువైనది సంపాదించిన ఆనందం కన్నా మనకు బరువుగా తోస్తుంది. 1988లో శామ్యూల్సన్, జెక్‌హౌజర్ ఇంకొంచెం ముందుకెళ్లి, ఎంచుకునే వీలు ఉన్నప్పుడు కూడా మనుషులు ఇప్పటికే ఉన్నదాన్నే పట్టుకుని ఉంటారని చూపించారు. ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకాలనే తీసుకున్నారు. కొత్తగా చేరినవాళ్లు కొత్త పథకాలు తీసుకున్నారు. పాతవాళ్లు, అవే పథకాలు వాళ్లకూ అందుబాటులో ఉన్నా, పాతదాంట్లోనే ఉండిపోయారు. ఎవరూ ఆపలేదు. మార్చుకోవాలంటే కూర్చుని ఆలోచించాలి, అంతే.

హాయిని తిట్టక్కర్లేదు

కంఫర్ట్ జోన్‌లో ఉండిపోతే ఎదుగుదల ఉండదని బల్లగుద్ది చెప్పేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త ఏడాది వయసు పిల్లల్ని తల్లితోపాటు ఒక కొత్త గదిలో ఉంచి, వాళ్లేం చేస్తారో జాగ్రత్తగా గమనించారు. గదిలో బొమ్మలుంటాయి. తల్లి అక్కడే కూర్చుంటే పిల్ల కిందికి దిగి బొమ్మల దగ్గరికి పోతుంది, మధ్యమధ్యలో వెనక్కి తిరిగి అమ్మ ఉందో లేదో చూసుకుంటుంది. అమ్మ గది బయటికి వెళ్లగానే ఆ పిల్ల ఆటలు తగ్గిపోతాయి. బొమ్మలు ఎక్కడికీ పోలేదు. పోయింది భరోసా.

పెద్దయ్యాక కూడా మనకు ఆ భరోసా కావాలి. వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఒక ఇల్లు, ఒక మనిషి, ఓ అలవాటైన ఉదయం. ఇవి ఉన్నవాళ్లే నాలుగడుగులు ముందుకి వేయగలరు. ఇవి లేనివాళ్లను, అంటే రెండు ఉద్యోగాలు చేస్తూ, ఇంట్లో మంచాన పడ్డవాళ్లను చూసుకుంటూ, రాత్రి సరిగ్గా నిద్ర కూడా లేనివాళ్లను పట్టుకుని కంఫర్ట్ జోన్ దాటమనడం అన్యాయం. వాళ్లు దాటడానికి ముందు అందులో ఒకసారి కాలు పెట్టనివ్వాలి. ఈ మాట మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఇలాంటి సలహాలు ఎప్పుడూ హాయిగా ఉన్నవాళ్ల నోటి నుంచి వచ్చి అలిసిపోయినవాళ్ల చెవిన పడుతుంటాయి.

హాయి మనల్ని ఆపదు. హాయిలో ఉన్నప్పుడు పక్కవాళ్లు కనిపించకపోవడం ఒకటుంది, అది ఆపుతుంది.

భయం ఒకటి, మొహమాటం ఇంకొకటి

మన భాషలో మొహమాటం అనే మాట ఉండడం మన అదృష్టం. ఎవరైనా అడిగితే కాదనలేకపోవడం మొహమాటం. మనకే అవసరం వచ్చినప్పుడు నోరు తెరిచి అడగలేకపోవడమూ మొహమాటమే. ఇవ్వాలనిపించి, చేయాలనిపించి, ఏమనుకుంటారోనని ఆగిపోవడం కూడా మొహమాటమే. మనిషికీ మనిషికీ మధ్య ఉండే ఆ ఇరుకుకి ఇంతకన్నా సరైన పేరు నాకు తెలియదు.

భయం వేరు. వేదిక ఎక్కాలంటే భయం. దాన్ని దాటినవాడికి చప్పట్లు పడతాయి, ఫోటో ఉంటుంది, తర్వాత చెప్పుకోవడానికి ఒక కథ మిగులుతుంది. మొహమాటం దాటినవాడికి ఏమీ ఉండదు. దుఃఖంలో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసినందుకు ఎవరూ శభాష్ అనరు, అనకూడదు కూడా. బహుశా అందుకే మనం భయాన్ని దాటడంలో ఆరితేరి, మొహమాటం దగ్గర అక్కడే నిలబడిపోతాం. నేను ఆ హాల్లో అంతమంది ముందు మాట్లాడి, ఒక్కరితో మాట్లాడలేకపోయింది అందుకే.

మొహమాటం పడేటప్పుడు మనం ఒక లెక్క వేసుకుంటాం. ఆ లెక్క సాధారణంగా తప్పుతుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో దీన్ని చాలా చక్కగా చూపించారు. తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరం రాయమని కొంతమందిని అడిగారు. ఆ ఉత్తరం అందుకున్నవాళ్లు ఏమనుకుంటారో ఊహించమన్నారు. తర్వాత అందుకున్నవాళ్లనే అడిగారు. రాసినవాళ్లు అనుకున్నదానికన్నా అందుకున్నవాళ్ల ఆనందం ఎక్కువ. రాసినవాళ్లు భయపడ్డ ఇబ్బంది మాత్రం తక్కువ.

ఈ తేడా ఎందుకు వస్తుందో అందులోనే ఉంది. రాసేవాళ్ల దిగులంతా మాటల మీద. సరైన మాటలు పడ్డాయా, వాక్యం బాగుందా, అతిగా అనిపిస్తుందా? అందుకున్నవాళ్లు మాటల్ని తూకం వేయరు. ఈ మనిషి నన్ను తలచుకుంది, పనిగట్టుకుని రాసింది అన్నదే వాళ్లకు అందుతుంది. ఇచ్చేవాళ్లు తమ నేర్పు చూసుకుంటుంటే, పుచ్చుకునేవాళ్లు ఆప్యాయత చూస్తారు. నా స్నేహితురాలికి ఫోన్ చేసినప్పుడు నేను అన్నది ఒక్కటే: "నాకేం మాట్లాడాలో తెలియక ఇన్నాళ్లూ చేయలేదే." దానికి తను, "నువ్వేం మాట్లాడొద్దు, కాసేపు లైన్లో ఉండు చాలు," అంది. ఇరవై నిమిషాలు ఉన్నాను. మధ్యలో ఎవరో వచ్చి తనని ఏదో అడిగారు, వెనక గిన్నెల చప్పుడు వినిపించింది, తను ముక్కు చీదుకుంది. నేను పదకొండు రోజులు కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ అవసరం పడలేదు.

మొహమాటానికి తోడు తొందర. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే తొందరలో ఉన్నప్పుడు మనం చెడ్డవాళ్లం అయ్యామని మనకే తెలియదు. 1973లో డార్లీ, బాట్సన్ అనే పరిశోధకులు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధన చదువుకుంటున్న విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థి ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి అక్కడ ప్రసంగం చేయాలి. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి, దగ్గుతూ మూలుగుతూ ఉంటాడు. ఇంకా చాలా సమయం ఉందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది ఆగి ఏదో ఒక సాయం చేశారు. సమయానికి సరిపోతుందన్నవాళ్లలో 45 శాతం. ఇప్పటికే ఆలస్యమైంది, పరుగెత్తు అని చెప్పినవాళ్లలో 10 శాతం. వాళ్లలో కొందరు చేయబోయే ప్రసంగం దేని గురించో తెలుసా? దారిలో గాయపడి పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మంచి మనిషి కథ గురించి. ఆ కథ తలలో ఉన్నా పెద్దగా తేడా రాలేదు. తేడా తెచ్చింది చేతి గడియారం.

ఈ ప్రయోగం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ పది శాతంలో లేని మిగతావాళ్ల మీద కోపం రాదు. పొద్దున్నే లేచి పరుగెత్తే మనందరం వాళ్లలోనే ఉన్నాం. మనిషి మంచితనం స్వభావంలో ఎంత ఉంటుందో దినచర్యలోనూ అంత ఉంటుంది. ప్రతి గంటనూ నింపేసుకున్న మనిషి ఎంత దయగలవాడైనా ఆగలేడు.

అర్థం ముందు దొరకదు

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. జీవితానికి ఒక అర్థం, ఒక లక్ష్యం ఉండాలంటారు. అది దొరికాక బయల్దేరుదామని చాలామంది కూర్చుంటారు. నేనూ కూర్చున్నాను, కొన్నేళ్లు.

బామైస్టర్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 2013లో దాదాపు 400 మంది అమెరికన్ల మీద చేసిన అధ్యయనం ఒకటుంది. సంతోషంగా ఉన్న జీవితం, అర్థవంతమైన జీవితం రెండూ చాలావరకు కలిసే ఉంటాయి, కానీ కొన్నిచోట్ల విడిపోతాయి. ఎక్కడ విడిపోతాయన్నదే ఆసక్తికరం. కోరుకున్నవి అమరడం, సులువుగా గడవడం సంతోషంతో ముడిపడి ఉన్నాయి, అర్థంతో వాటికి పెద్ద సంబంధం లేదు. ఇతరుల నుంచి పొందడం సంతోషం వైపు మొగ్గింది, ఇతరులకు ఇవ్వడం అర్థం వైపు మొగ్గింది. టెన్షన్, బెంగ, గొడవలు ఉన్నవాళ్లకు సంతోషం తక్కువ, కానీ అర్థం ఎక్కువ. ఏది దేనికి కారణమో ఇలాంటి అధ్యయనం తేల్చి చెప్పలేదు. కానీ పసిబిడ్డను పెంచుతున్న ఎవరినైనా అడగండి, ఈ ఫలితం వాళ్లకు ఆశ్చర్యంగా ఉండదు.

నేను చూసినంతలో అర్థం అనేది ముందు తెలుసుకుని తర్వాత మొదలుపెట్టే వస్తువు కాదు. ఎవరి కోసమో ఒక ఇబ్బంది ఒప్పుకుంటాం. ఆ పని చేస్తూ చేస్తూ ఉంటే, కొన్నాళ్లకు, ఇది నేను చేయాల్సిన పనే అనిపిస్తుంది. కొన్నిసార్లు అనిపించదు కూడా, అప్పుడు ఇంకోటి వెతుక్కోవాలి.

నాకు అలా ఎదురైంది పరీక్ష రాసిపెట్టే పని. చూపు లేని ఒక డిగ్రీ విద్యార్థికి చరిత్ర పరీక్ష రాయడానికి మనిషి కావాలని మా ఆఫీసులో ఒకావిడ అడిగింది. రెండుసార్లు తప్పించుకున్నాను. "నాకు అనుభవం లేదండీ" అన్నాను. అది నిజమే, కానీ అసలు కారణం అది కాదు. నేను తప్పు చేస్తే మార్కులు పోయేది ఆ అబ్బాయికి. కొండ ఎక్కుతూ జారితే నా కాలు విరుగుతుంది. ఇక్కడ నా తప్పుకి వేరేవాళ్లు నష్టపోతారు. ఇలాంటి ఇబ్బంది నాకు అంతకుముందు తెలియదు. మూడోసారి అడిగినప్పుడు, ముందు ఒక గంట ఆ అబ్బాయితో కూర్చుని సాధన చేయనిస్తే సరే అన్నాను.

పరీక్ష రోజు మాకు విడిగా ఒక చిన్న గది ఇచ్చారు. నేను ప్రశ్న చదవాలి, తను చెప్పింది చెప్పినట్టు రాయాలి. అంతే పని. మొదటి ప్రశ్న గబగబా చదివేశాను. "అక్కా, కొంచెం మెల్లగా," అన్నాడు. మూడో జవాబులో తను ఒక వాక్యం చెప్పాడు, అంతకన్నా మంచి మాట నా నాలుక చివర ఉంది. పెన్ను ఆగింది. ఆ మాట నాది, తనది కాదు. తను చెప్పిందే రాశాను. ఐదో ప్రశ్న దగ్గర తను ఏం మాట్లాడలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నాకు కంగారు. గుర్తు చేయనా, ప్రశ్న మళ్లీ చదవనా, వదిలేద్దామని చెప్పనా? నేనేమీ అనకముందే తను మొదలుపెట్టి, ఆపకుండా పేజీన్నర చెప్పాడు. ఆలోచించుకుంటున్నాడంతే. చూపున్నవాళ్లు పెన్ను నోట్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తారే, అదే.

మధ్యలో "ఎన్ని పేజీలయ్యాయి అక్కా?" అన్నాడు, "టైమెంతయింది?" అన్నాడు. పక్కన కాగితం, గోడ మీద గడియారం అన్నీ ఉన్నాయి, కానీ నేను చెబితే తప్ప తనకవి లేవు. అప్పటి నుంచి ప్రతి అరగంటకీ నేనే చెప్పడం మొదలుపెట్టాను. చివరి జవాబుకి ముందు, వేళ్లు సాగదీసుకుంటుంటే, తను నెమ్మదిగా అడిగాడు: "మీ చేతిరాత బాగుంటుందా అక్కా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తను ఎన్నడూ చూడని నా అక్షరాల మీద తన సంవత్సరం చదువంతా ఆధారపడి ఉంది. ఆ చివరి జవాబు నా జీవితంలో నేను రాసిన అన్నిటికన్నా గుండ్రంగా రాశాను.

ఇవ్వడం అంటే అరిగిపోవడం కాదు

ఇదంతా చదివి, అడిగినవాళ్లందరికీ సరేననడమే పెద్ద మనసు అనుకుంటే పొరపాటు. మొహమాటానికి రెండో ముఖం ఉందని పైన చెప్పాను. కాదనలేక ఒప్పుకోవడం. బయటికి అది ఉదారంగానే కనిపిస్తుంది. లోపల మనం లెక్క రాసుకుంటూ ఉంటాం. నేను అప్పుడు అంత చేశాను, వాళ్లు ఇప్పుడు ఇంతే చేశారు. ఆ లెక్క మొదలైందంటే మనం ఇచ్చినది ఇచ్చినట్టు కాదు, అప్పుగా పెట్టినట్టు. అలాంటప్పుడు మొదట్లోనే మర్యాదగా కుదరదని చెప్పడమే ఇద్దరికీ మేలు. కంఫర్ట్ జోన్ దాటడం అంటే కొందరికి సరేననడం. ఎప్పుడూ సరేననేవాళ్లకి, కుదరదు అనడం.

ఇంకో చిక్కు, ఎదుటివాళ్ల బాధను నెత్తిన ఎత్తుకోవడం. తానియా సింగర్, ఓల్గా క్లిమెకీ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో కళ్లు తెరిపించేది. ఎదుటివాళ్ల బాధను తమ బాధగా అనుభవించడం సాధన చేసినవాళ్లలో దిగులు పెరిగింది. వాళ్లకే తర్వాత కరుణను, అంటే ఎదుటివాళ్లు బాగుండాలనే ఆప్యాయతను, సాధన చేయిస్తే ఆ దిగులు తగ్గి మనసు తేరుకుంది. మెదడులో ఈ రెండిటికీ పనిచేసే భాగాలు కూడా వేరువేరుగా కనిపించాయి. మునిగిపోతున్నవాడి పక్కన మనమూ మునిగితే ఇద్దరికీ దారి లేదు. ఒడ్డున కాళ్లు గట్టిగా ఆనించి చేయి అందించడం నేర్చుకోవాలి. ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఏళ్లతరబడి నిలబడి పనిచేసేవాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పకుండానే తెలుసనిపిస్తుంది.

ఎంత ఇవ్వాలన్న ప్రశ్న కూడా అనుకున్నంత పెద్దది కాదు. ఎలిజబెత్ డన్, లారా అక్నిన్, మైకేల్ నార్టన్ 2008లో చేసిన ప్రయోగంలో 46 మందికి పొద్దున్నే కవర్లో 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి, సాయంత్రంలోగా ఖర్చుపెట్టమన్నారు. సగం మంది తమ కోసం, సగం మంది ఇంకొకరి కోసం. సాయంత్రానికి ఇంకొకరి కోసం ఖర్చుపెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. కవర్లో ఉన్నది ఐదా ఇరవయ్యా అన్నదానితో తేడా రాలేదు. వేరే కొంతమందిని ముందుగా ఊహించమంటే మాత్రం, ఎక్కువ డబ్బు తన కోసమే ఖర్చుపెట్టుకున్నవాళ్లు ఎక్కువ సంతోషంగా ఉంటారన్నారు. ఇక్కడా మన లెక్క తప్పింది.

పుచ్చుకోవడం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ ధైర్యంగా లెక్కకట్టరు. సాయం అడగడం చాలామందికి ఇవ్వడం కన్నా కష్టం. ఫ్లిన్, లేక్ అనే పరిశోధకులు 2008లో కొంతమందికి ఒక పని ఇచ్చారు: తెలియని ఐదుగురితో ఒక ఫారం నింపించుకుని రావాలి. ఎంతమందిని అడగాల్సి వస్తుందని ముందు అడిగితే, సగటున ఇరవై మందిని అన్నారు. నిజంగా అడగాల్సి వచ్చింది పది మందిని. మనుషులు మనం అనుకున్నదానికి రెట్టింపు మంచివాళ్లు, మనం అడగం అంతే. ఇంతకుముందు చెప్పిన ఆ అలిసిపోయిన మనిషికి దాటాల్సిన గోడ ఏదైనా ఉంటే అది ఇదే: "నాకు రేపు రెండు గంటలు ఎవరైనా తోడుండాలి" అని ఒకరితో అనగలగడం.

చేతికి అందే దూరంలో

ఎలా మొదలుపెట్టాలి అన్నదాని మీద ఎక్కువ చెప్పను, ఎవరి గోడ వాళ్లది. నాకు పనికొచ్చినవి మాత్రం చెబుతాను.

మొదటిది, ఇబ్బందిని చూసే చూపు మార్చుకోవడం. కెయిట్లిన్ వూలీ, అయెలెట్ ఫిష్‌బాక్ 2022లో ప్రచురించిన పరిశోధనలో, అప్పటికప్పుడు నటించడం నేర్చుకునే కొందరు విద్యార్థులకు ఒక మాట చెప్పారు: ఇబ్బందిగా అనిపించేలా చేసుకోవడమే మీ పని, అలా అనిపిస్తే నేర్చుకుంటున్నట్టు లెక్క. ఆ మాట విన్నవాళ్లు ఎక్కువసేపు వేదిక మీద నిలబడ్డారు, ఎక్కువ సాహసం చేశారు. నేను ఇప్పుడు ఫోన్ పట్టుకుని ఆగిపోయినప్పుడు, ఆ ఆగడాన్నే గుర్తుగా తీసుకుంటున్నాను. నోరు తడబడుతోందంటే ఈ కాల్ చేయాల్సినదే.

రెండోది, కచ్చితంగా చెప్పుకోవడం. "నలుగురికీ సాయపడాలి" అన్న కోరిక ఏ రోజూ మన తలుపు తట్టదు. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే అనుకున్నవాళ్లు అనుకున్నది ఎక్కువగా చేస్తారని గాల్‌విట్జర్, షీరన్ 2006లో 94 అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. నా వరకు ఆ వాక్యం ఇది: ఎవరింట్లోనైనా కష్టం అని తెలిస్తే ఆ రోజు పడుకునేలోగా ఫోన్ చేస్తాను. "ఏమైనా కావాలంటే చెప్పు" అనడం మానేశాను. ఆ మాట బరువంతా మళ్లీ వాళ్ల మీదే వేస్తుంది, ఏం కావాలో ఆలోచించుకుని, మొహమాటపడుతూ అడగాల్సింది వాళ్లే. "శనివారం పొద్దున నాకు ఖాళీ, పిల్లల్ని నేను చూసుకోనా?" అంటే అవుననో వద్దనో చెబితే చాలు.

మూడోది ఖాళీ. వారంలో రెండు గంటలు ఏ పనీ పెట్టుకోకుండా వదిలేస్తున్నాను. ఆ ప్రిన్స్‌టన్ విద్యార్థుల్లో ఆగగలిగినవాళ్లకి ఉన్నదీ అదే కదా, కాస్త సమయం. చాలా వారాలు ఆ రెండు గంటల్లో ఏమీ జరగదు, కూర్చుని చదువుకుంటాను. ఒక్కోసారి ఎవరో ఒకరు వస్తారు.

పోయిన వారం ఆ గంటల్లోనే ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. చరిత్ర గట్టెక్కిందట. వచ్చే నెల ఎకనామిక్స్ ఉంది, రాసిపెడతారా అని అడిగాడు. నాకు పాత తడబాటు మళ్లీ మొదలైంది. "నాకు ఎకనామిక్స్‌లో ఒక్క ముక్క కూడా రాదు తమ్ముడూ," అన్నాను.

"అదే మంచిదక్కా," అన్నాడు. "మీరు పెన్ను ఆపకుండా రాస్తారు."